బెల్టు వెనక చెయ్యి

రేడియో మామ్మ తిరిగొచ్చిందని చెప్పి ఆగాను పోయిన వారం. పదకొండు రోజుల కిందట మా వార్డులోంచి చేతికర్ర ఊపుకుంటూ నడిచి వెళ్ళిన మనిషి, తుంటి ఎముక విరగ్గొట్టుకుని స్ట్రెచరు మీద వచ్చింది. "కుర్చీలోంచి లేవబోయానమ్మా, కాళ్ళు రాలేదు" అంది. నేను ఊరుకున్నానా? ఆవిడ కోడల్ని వరండాలో నిలబెట్టి నలుగురూ వింటుండగా దులిపేశాను. ఇక్కడ చక్కగా లేచి తిరిగిన మనిషిని ఇంటికి తీసుకెళ్ళి మంచానికి అంటించేశారన్నాను. ఆ పిల్ల ఎదురు చెప్పకుండా తల వంచుకుని ఏడ్చింది. ఆ ఊపులోనే నా గదికి వస్తుంటే చెల్లెమ్మగారు నా చెయ్యి పట్టుకుని ఆపింది. "నీతో ఒక మాట చెప్పాలమ్మా. బాబాయ్ లేనప్పుడు" అంది.

కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నేను ఫిజియోథెరపిస్టుని. ఇరవై రెండేళ్ళుగా నాది ఒకటే పని. జబ్బు చేసి ఆస్పత్రి మంచం మీద వారాల తరబడి పడుకుని, జబ్బు తగ్గేసరికి కాళ్ళలో సత్తువ పోగొట్టుకున్న పెద్దవాళ్ళని మళ్ళీ లేపి నిలబెట్టడం. నా వెనక నన్ను 'లేవండి మేడమ్' అంటారు. ముందు అనే ధైర్యం ఎవరికీ లేదు. నా నోరు మంచిది కాదని నాకూ తెలుసు. ఆ నోటితోనే చాలామందిని నడిపించానని గర్వం కూడా ఉండేది.

బాబాయ్ మా వార్డు సహాయకుడు. యాభై ఎనిమిదేళ్ళవాడు, మెత్తనివాడు. డాక్టర్ల దగ్గర్నించి ఎనభై ఏళ్ళ రోగుల దాకా అందరికీ బాబాయే. వాళ్ళావిడ కూడా వార్డుకి ఫోన్ చేసి "బాబాయ్ ఉన్నారా అండీ" అని అడుగుతుంది. ఇక గడియారాల మాష్టారికి డెబ్బై తొమ్మిది. జీవితమంతా చేతి గడియారాలు బాగుచేశారు. న్యుమోనియా వచ్చి మూడు వారాలు మంచం మీద ఉన్నారు. మా దగ్గరికి తెచ్చిననాడు ఆయన్ని పక్కకి తిప్పడానికే ఇద్దరం కావలసి వచ్చాం.

చెల్లెమ్మగారు ఆయన తోడబుట్టిన చెల్లెలు. పదిహేనేళ్ళ కిందట ఆవిడకి చూపు పోయింది. ఆ పెద్దాయనకి భార్యా లేదు, ఈవిడకి భర్తా లేడు. రెండు గదుల ఇంట్లో ఇద్దరే. ఆవిడ తడుముకుంటూ వంట చేస్తుంది, ఆయన ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్తారు. సాయంత్రం పేపరు చదివి వినిపిస్తారు, ఆవిడ మాత్రలు లెక్కపెట్టి చేతిలో పెడతారు. రెండు సగాలు కలిపి ఒక సంసారం.

మా వార్డులో ఎవరైనా ముప్పై అయిదు రోజులే ఉండాలి. ఆ లోపల కాళ్ళు వస్తే ఇంటికి. రాకపోతే పైఅంతస్తులో ఉన్న శాశ్వత వార్డుకి. ఆ వార్డుకి లిఫ్టులో ఎక్కినవాళ్ళు మళ్ళీ కనీసం కూర్చునైనా కిందికి రావడం ఇన్నేళ్ళలో నేను చూడలేదు. మాష్టారు పైకి వెళితే చెల్లెమ్మగారిని వేరే ఊళ్ళో ఉన్న అంధుల ఆశ్రమంలో చేర్చాలని వాళ్ళ తమ్ముడి కొడుకు అప్పుడే కాగితాలు తెచ్చి పెట్టాడు. చెడ్డవాడేం కాదు, అతనికి ఇంకో దారి తోచలేదు. ఆవేళ మాష్టారికి ముప్పై నాలుగో రోజు.

చెల్లెమ్మగారిని కిటికీ దగ్గరున్న బెంచీ మీద కూర్చోబెట్టి "చెప్పండి" అన్నాను. వరండాలో చేసిన యుద్ధం వేడి నాలో ఇంకా తగ్గలేదు.

"అన్నయ్య లేచేటప్పుడు నేను పక్కనే కూర్చుంటాను కదమ్మా. ఇంట్లో అన్నయ్య కుర్చీలోంచి లేస్తే ముందు నిట్టూరుస్తాడు. తర్వాత మోకాలు కటుక్కుమంటుంది. నిలబడ్డాక 'ఆఁ' అంటాడు. ఎన్నేళ్ళ నించో వింటున్నాను. ఇక్కడ ఆ మోకాలి చప్పుడే లేదు."

"వ్యాయామం చేస్తే మోకాళ్ళు బాగుపడతాయి. అందుకేగా చేయిస్తున్నది."

"అది కాదు. అన్నయ్య లేస్తుంటే ఊపిరి బిగబట్టేది అన్నయ్య కాదమ్మా, వెనకున్న బాబాయ్. లేచాక రొప్పేది కూడా ఆయనే."

నాకు ఒళ్ళు మండింది. "మీకు కనపడదు కదా చెల్లెమ్మగారూ" అన్నాను. అనకూడని మాట. అనేశాను.

ఆవిడ ఏమీ అనుకోలేదు. "అవునమ్మా, నాకు కనపడదు. నీకు కనపడుతుంది కదా, ఒకసారి చూస్తావని చెప్తున్నాను" అంది. మళ్ళీ తనే అంది. "అన్నయ్యని ఇంటికి తీసుకెళ్ళాలనే ఉంది. నోరు మూసుకుంటే రేపు తీసుకెళ్ళిపోదునేమో. కానీ ఇంట్లో పడితే నాకు చప్పుడు మాత్రమే తెలుస్తుంది. ఎక్కడ పడ్డాడో వెతుక్కోవాలి. వెతుక్కున్నా లేపలేను."

నేను లేచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నా గదిలోకి తీసుకెళ్ళి అక్కడి బెంచీ మీద కూర్చోబెట్టాను.

మా పరీక్ష చాలా చిన్నది. చేతుల్లేని కుర్చీలో పెద్దవాళ్ళని కూర్చోబెడతాం. రెండు చేతులూ గుండెల మీద కట్టుకోమంటాం. దేన్నీ పట్టుకోకుండా అయిదుసార్లు లేచి కూర్చోవాలి. నడుముకి వెడల్పాటి గుడ్డ బెల్టు ఒకటి కడతాం. దాన్ని వెనక నించి ఒకరు రెండు వేళ్ళతో వదులుగా పట్టుకుని నిలబడాలి. పడబోతే ఆపడానికి, అంతే. లాగకూడదు. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చుని, ఒక చేత్తో స్టాప్‌వాచీ పట్టుకుని, "లేవండి" అంటాను. ఒళ్ళో చార్టు ఉంటుంది. అందులో రెండు గళ్ళు, 'సాయంతో' అని ఒకటి, 'స్వయంగా' అని ఒకటి. వెనక బెల్టు పట్టుకోవడం ఒకప్పుడు నేనే చేసేదాన్ని. ఆరేళ్ళ కిందట మనుషుల్ని తగ్గించేశాక బాబాయ్‌కి నేర్పి నేను ముందుకొచ్చాను. మంచం దిగినా, బాత్రూముకి వెళ్ళినా రోగుల వెనక బాబాయే. ముందు కూర్చుంటే రోగి మొహం కనిపిస్తుంది, పాదాలు కనిపిస్తాయి. వీపు కనిపించదు.

బాబాయ్‌ని రేడియో మామ్మ ఎక్స్‌రే తెమ్మని పంపించాను. మాష్టారిని కుర్చీలో కూర్చోబెట్టి బెల్టు నేను పట్టుకున్నాను.

"ఇవాళ మీరా వెనక? అయితే లేవడం కాదు, పరుగెత్తాల్సిందే" అన్నారు మాష్టారు. ఆయన మంచి హుషారులో ఉన్నారు. "ఆగిపోయిన గడియారాన్ని మేం రెండుసార్లు కుదిపి చూసి, కదలకపోతే పక్కన పడేసేవాళ్ళం. మీరు నెల రోజులుగా కుదుపుతూనే ఉన్నారు. మీ ఓపికకి దణ్ణం పెట్టాలి."

"లేవండి" అన్నాను.

ఆయన ముందుకి వంగారు. పాదాలు నేలకి అదిమారు. నా రెండు వేళ్ళ మధ్య బెల్టు వదులుగానే ఉంది. మనిషి బెత్తెడు లేచి దబ్బున కూలబడ్డారు. మళ్ళీ వంగారు. ఈసారి ఆ బెత్తెడు కూడా లేదు. మూడోసారి భుజాలు మాత్రం కదిలాయి.

"కుర్చీ మార్చారా?" అన్నారు.

"లేదండీ, అదే కుర్చీ."

వంగి కుర్చీ కాళ్ళు చూశారు. నేల చూశారు. తన చెప్పులు చూశారు. ఏ గడియారం తెచ్చి ఇచ్చినా లోపం ఎక్కడుందో పట్టేసే మనిషి, ఎంత వెతికినా అది దొరక్క తికమకపడ్డారు. "పొద్దున నీళ్ళు తక్కువ తాగాను. దానివల్లేనేమో" అన్నారు చివరికి.

అప్పుడు నేనొక పని చేశాను. ఎందుకు చేశానంటే, నిజం ఏ మేరకో తెలుసుకోవాలి కనక. బెల్టుని గుప్పిటనిండా పట్టుకుని, "ఇంకొక్కసారి, లేవండి" అని, ఊపిరి బిగబట్టి పైకి లాగాను. నా భుజం ఊడిపోతుందేమో అనిపించింది. మాష్టారు నిలబడ్డారు. మోకాలు కటుక్కుమనలేదు.

"అదిగో! వచ్చేసింది" అన్నారాయన. ఆ మొహంలో నటన లేదు. చిన్నపిల్లాడు సైకిలు నేర్చుకున్నంత సంబరం ఉంది. "చెల్లీ, లేచానే!"

బెంచీ మీద చెల్లెమ్మగారు "ఊఁ" అంది. నేను వెనక రొప్పుతున్నాను, ఆ రొప్పు ఆవిడకి వినిపిస్తోందని నాకు తెలుసు. ఆయనకి మాత్రం ఏమీ తెలియదు. ఎవరో లేపుతున్నారన్న అనుమానం కూడా లేదు. తన కాళ్ళే తనని లేపుతున్నాయని మనసారా నమ్ముతున్నారు.

దుప్పట్లు పెట్టే గదిలో దొరికాడు బాబాయ్. ఎక్స్‌రే కవరు బల్ల మీద పెట్టి, ఉతికొచ్చిన దుప్పట్లు మడత పెడుతున్నాడు. తలుపు దగ్గరికి వేశాను.

"ఎన్నాళ్ళ నించి బాబాయ్?"

"ఏది మేడమ్?"

"బెల్టు."

చేతిలో ఉన్న దుప్పటి ఆఖరి మడత దాకా మడిచి, దొంతర మీద పెట్టి, అంచులు సరిచేశాడు. "నాలుగు నెలలయింది" అన్నాడు. బుకాయించలేదు. బుకాయిస్తే నాకు తేలికగా ఉండేది.

"ఎవరు మొదలు?"

"కుట్టుమిషను పెద్దావిడ. నాలుగుసార్లు లేచింది, అయిదోది రాక ఏడ్చింది. 'ఏడుపు కాళ్ళకి బలం ఇవ్వదు' అన్నారు మీరు. గుర్తుందా?"

"గుర్తులేదు."

"మీకుండదు మేడమ్. రోజుకి పదిమందిని అంటారు. నాకు గుర్తుంది. మర్నాడు కొంచెం లాగాను. కొంచెమే. ఆవిడ లేచింది. మీరు శభాష్ అన్నారు. ఆ మధ్యాహ్నం ఆవిడ కడుపు నిండా తిని, వార్డంతా వినపడేలా కబుర్లు చెప్పింది. అంతకుముందు పదిరోజులు గోడవైపు తిరిగి పడుకున్న మనిషి."

"జాలిపడ్డావన్నమాట."

"పడ్డాను. జాలిపడితే తప్పా?"

"తప్పే!" అరిచాను. గొంతు తగ్గించుకోవడానికి ప్రయత్నించాను, తగ్గలేదు. "నువ్వు లేపినన్నాళ్ళూ వాళ్ళ కాళ్ళు పని చెయ్యలేదు. తెలుస్తోందా నీకు? పంతొమ్మిది రోజులు మాష్టారు వ్యాయామం చేశారనుకుంటున్నారు. ఆయన చెయ్యలేదు, నువ్వు చేశావు! ఆ పంతొమ్మిది రోజులూ ఎవరు తెచ్చిస్తారు ఆయనకి? రేపటితో గడువైపోతోంది."

బాబాయ్ కిందికి చూశాడు. చొక్కా పైకెత్తి చూపించాడు. నడుం చుట్టూ గట్టి పట్టీ, మందుల షాపులో దొరికేది. "నాకూ తెలుస్తూనే ఉంది మేడమ్. మనిషిని రోజుకి అయిదుసార్లు లేపితే నడుం నిలబడుతుందా? మానేద్దామనుకున్నాను. మానేస్తే ఆ మర్నాడే వాళ్ళు పడిపోతారు, అప్పుడు నేను చేసినదంతా బయటపడుతుంది. పులి మీద స్వారీ అయిపోయింది నా పని."

"నాకు చెప్పొచ్చు కదా."

"చెప్పాను." ఈసారి నా మొహంలోకి సూటిగా చూశాడు. "రెండు వారాల కిందట, టీ దగ్గర. 'మాష్టారికి కాళ్ళు ఇంకా రాలేదు మేడమ్' అన్నాను. 'నా వార్డులో రాకపోవడం ఉండదు' అన్నారు. గ్లాసు పెట్టేసి వెళ్ళిపోయారు."

అన్నాను. ఆ మాట నాదే. తరచు అంటుంటాను కూడా. వినేవాళ్ళకి ధైర్యంగా ఉంటుందని అనుకునేదాన్ని.

"బెల్టు నేను లాగాను. ఒప్పుకుంటాను" అన్నాడు. "కానీ 'స్వయంగా' అని రాసింది నేను కాదు మేడమ్. నాకు ఆ చార్టు ముట్టుకునే అధికారం కూడా లేదు."

వెళ్ళి నాలుగు నెలల చార్టులూ తెచ్చి అతని ముందు పెట్టాను. ఎవరెవరిని లేపాడో చెప్పమన్నాను.

అయిదుగురు తేలారు. కుట్టుమిషను పెద్దావిడ, లెక్కల టీచరు, తోటపని తాతయ్య, రేడియో మామ్మ, గడియారాల మాష్టారు. మొదటి ముగ్గురూ ఇప్పుడు వాళ్ళ వాళ్ళ ఇళ్ళల్లో ఉన్నారు. ఇంట్లోవాళ్ళ చెయ్యి ఆసరాతో లేస్తూ, ఒంటరిగానూ లేవగలమనుకుంటూ ఉన్నారు. ఆఫీసులో గుమాస్తాకి ఆ మూడు నంబర్లూ ఇచ్చి, పక్కన మనిషి లేకుండా వాళ్ళని లేవనివ్వద్దని వెంటనే ఫోన్ చేసి చెప్పమన్నాను. రేడియో మామ్మ కోడలు ఇంకా వరండాలోనే గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆ పిల్లని దాటుకుని వచ్చాను. ఆగి ఒక్కమాట చెప్పాల్సింది, చెప్పలేదు. సిగ్గేసింది.

ఇక మాష్టారి సంగతి. గడువు ఇంకో రెండు వారాలు పెంచమని అడగాలి, ఈసారి వెనక నేనే ఉండి మొదటినించీ చేయించాలి, అనుకున్నాను. అనుకున్నానే గానీ, డెబ్బై తొమ్మిదేళ్ళ కాళ్ళకి ఒకసారి పోయిన రోజులు రెండోసారి రావడం కష్టమని నాకన్నా బాగా ఎవరికి తెలుసు? అయినా అడగడానికి ఒక రాత్రంటూ ఉంది కదా అని మనసుకి చెప్పుకున్నాను.

ఆ రాత్రి కూడా మిగల్లేదు. మధ్యాహ్నం మూడింటికి పెద్ద డాక్టరు నేరుగా నా గదిలోకి వచ్చేశారు.

"రేపు నాకు కుదరదమ్మా. మాష్టారిని ఇవాళే చూసేద్దాం" అంటూ బల్ల దగ్గర కూర్చుని ఫైలు తెరిచారు. మంచి మనిషి. గట్టిగా మాట్లాడడం కూడా రాదు. కానీ ఆయన వెనక ఎప్పుడూ ముగ్గురు కొత్త రోగులు మంచాల కోసం ఎదురుచూస్తుంటారు. అందుకే ఆయన కుర్చీ అంచునే కూర్చుంటారు.

మాష్టారు తల దువ్వించుకుని తయారుగా ఉన్నారు. చెల్లెమ్మగారు బెంచీ మీద. బాబాయ్ అలవాటుగా బెల్టు అందుకోబోయాడు.

"బెల్టు వద్దు" అన్నాను. "నువ్వు తలుపు దగ్గరుండు బాబాయ్."

అతను నావైపు ఒక్క చూపు చూసి వెళ్ళి నిలబడ్డాడు. నేను స్టూలు మాష్టారికి చేతికందేంత దగ్గరికి జరుపుకున్నాను. "లేవండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన ప్రయత్నించారు. రెండుసార్లు, మూడుసార్లు. చెమట పట్టింది. నాలుగోసారి లేవబోయి ఆగి, డాక్టరు వైపు చూసి సిగ్గుగా నవ్వారు. "పొద్దున లేచానండీ. మేడమ్ చూశారు. అడగండి."

నేను తల దించుకున్నాను.

డాక్టరు పేజీలు తిప్పుతున్నారు. "ఫర్వాలేదు మాష్టారూ. డాక్టర్ని చూస్తే కాళ్ళకి కూడా బెదురు పుడుతుంది. పంతొమ్మిది రోజులుగా వరసగా 'స్వయంగా' అని ఉంది. ఒక్కపూట తడబడితే ఏం పోయింది?" జేబులోంచి పెన్ను తీశారు. "పై వార్డులో చోటు లేదు, కింద ముగ్గురొస్తున్నారు. రేపు పొద్దున మీరు ఇంటికి వెళ్ళిపోండి. అమ్మా, ఇవన్నీ మీరు దగ్గరుండి చూసి రాసినవే కదా?"

'అవునండీ' అంటే చాలు. మాష్టారు ఇంటికి వెళ్తారు. చెల్లెమ్మగారు ఆశ్రమానికి వెళ్ళక్కర్లేదు. బాబాయ్ ఉద్యోగం ఉంటుంది. నా పరువు ఉంటుంది. మహా అయితే పదకొండు రోజులు ఉంటాయి ఇవన్నీ. ఆ తర్వాత ఒక ఇంట్లో చప్పుడవుతుంది, చూపు లేని మనిషి చేతులతో నేలంతా తడుముకుంటూ వెతుకుతుంది.

"కాదండీ" అన్నాను. "ఆ చార్టు తప్పు."

చెప్పేశాను. బెల్టు సంగతి, ముందు కూర్చున్న నా సంగతి, రేడియో మామ్మ సంగతి. తడబడుతూ చెప్పాను, వెనకది ముందూ ముందుది వెనకా చెప్పాను. డాక్టరు పెన్నుకి మూత పెట్టి ఫైలు మూసేశారు.

"రెండు వారాలు గడువు పెంచండి. నేనే వెనక ఉంటాను" అన్నాను.

"పెంచే అధికారం నాకు లేదమ్మా, మీకు తెలుసు." ఆయన గొంతు ఇంకా మెత్తగా అయింది. "పై వార్డుకే రాయాలి. మంచం ఖాళీ అయ్యేదాకా వరండాలో వేస్తాం."

"అబద్ధం" అన్నారు మాష్టారు.

అందరం ఆయన వైపు తిరిగాం. మొహం పాలిపోయింది. కానీ గొంతు గట్టిగానే ఉంది. "మేడమ్ నా మీద కక్ష కట్టారు. ఇవాళ లేవలేదని కోపం. లేకపోతే ఏమిటిది? నా కాళ్ళు నాకు తెలియవా? నేను లేచాను. రోజూ అయిదుసార్లు లేచాను. లెక్కపెట్టుకున్నాను కూడా."

"మాష్టారూ, నా మాట వినండి."

"మీ మాట పంతొమ్మిది రోజులు విన్నాను. అప్పుడు శభాష్ అన్నారు కదా! ఆ శభాష్ కూడా అబద్ధమేనా?" ఆయన తలుపు వైపు తిరిగారు. "బాబాయ్! నువ్వు చెప్పు. నువ్వు వెనకే ఉన్నావు. నువ్వు లేపావా నన్ను?"

బాబాయ్ తలుపు చట్టం పట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూశాడు, మాష్టారిని చూశాడు. మనిషికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. చెప్పు బాబాయ్ అని లోపల్లోపల బతిమాలుకున్నాను. ఒక్కసారి నిజం చెప్పు, ఆయన నమ్మేది నిన్నొక్కణ్ణే.

"లేదండీ మాష్టారూ" అన్నాడు బాబాయ్. "నేను వేళ్ళతో పట్టుకున్నానంతే. మీరే లేచారు."

అదే జాలి, మళ్ళీ! దానికి అంతెక్కడ?

"విన్నారా డాక్టరుగారూ?" మాష్టారి మొహంలోకి రక్తం వచ్చింది. తెల్లని జుట్టు వెనక్కి తోసుకున్నారు. రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని, కుర్చీలో ముందుకి జరిగారు. "చూడండి. ఇప్పుడే చూడండి."

"అన్నయ్యా, వద్దు!" చెల్లెమ్మగారు బెంచీ మీంచి లేచి, చేతులు చాపి, ఎటు అడుగెయ్యాలో తెలియక అక్కడే నిలబడిపోయింది. డాక్టరు బల్లకి అవతల ఉన్నారు. బాబాయ్‌కి ఇంకా నాలుగడుగుల దూరం. మాష్టారికి అందేంత దగ్గరలో ఉన్నది నేనొక్కదాన్నే.

ఆయన కుర్చీ అంచు మీంచి లేచారు. బెత్తెడు, ఆపైన ఇంకో రెండు వేళ్ళు. మోకాళ్ళు గజగజలాడుతున్నాయి. కళ్ళు మాత్రం నా కళ్ళల్లోకే చూస్తున్నాయి, ఇప్పుడేమంటావన్నట్టు. ఇప్పుడు నేను పట్టుకుంటే ఆయన ఎప్పటికీ నమ్మరు. నేనే అడ్డుపడ్డానంటారు, వరండా మంచం మీంచి ఎవరూ లేనప్పుడు లేస్తారు. పట్టుకోకపోతే ఏమవుతుందో రేడియో మామ్మ ఎక్స్‌రేలో పొద్దున్నే చూశాను.

ఆయన శరీరం పక్కకి ఒరిగింది. అరక్షణం చాలు ఆపడానికి. నేను చెయ్యి చాపలేదు.